చచ్చిన సెల్‌ని లేపకు తల్లీ

పర్లాకిమిడి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

పాత గేమ్ బాయ్‌లూ, డీఎస్‌లూ, పీఎస్పీలూ, అదే చేత్తో పట్టుకుని ఆడుకునే గేమ్ మెషీన్లు పోగేసి, వాటికి బ్యాటరీలు మార్చి ఇచ్చే పని రాయగడలో మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సోల్డరింగ్ ఐరన్ నీ చేతికొచ్చిందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆ వెంటనే నీ రేకుల గది గుర్తొచ్చింది. ఎండాకాలం మధ్యాహ్నం, మంచం పక్కనే ఛార్జింగ్‌లో లిథియం ప్యాక్. అందుకే ఈ ఉత్తరం. పని చేసే బల్ల దగ్గరే పెట్టుకో.

పెన్సిల్ సెల్స్‌తో నడిచేవాటితో పెద్ద బాధ లేదు. 1989 నాటి మొదటి గేమ్ బాయ్‌కి నాలుగు సెల్స్, గేమ్ బాయ్ కలర్‌కీ, గేమ్ బాయ్ అడ్వాన్స్‌కీ రెండేసి. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వెయ్యి. ఒక్కోటి 1.2 వోల్టులే అయినా మెషీన్ నడుస్తుంది. వీటి వోల్టేజీ చివరిదాకా దాదాపు ఒకేలా ఉండి, ఒక్కసారిగా పడిపోతుంది. బ్యాటరీ లైటు మసకబారినా, అడ్వాన్స్‌లో అయితే ఎర్రగా మారినా వెంటనే ఆట సేవ్ చేసుకోమని తీసుకునేవాళ్ళకి చెప్పు. నాలుగింటికీ ఒకే గుర్తు రాసి జట్టుగా వాడాలి. పాతదీ కొత్తదీ కలిపితే బలహీనమైన సెల్ ముందు ఖాళీ అవుతుంది, మిగతా మూడూ దాని ప్లస్ మైనస్‌లు తారుమారయ్యేలా తోస్తాయి. అది ఇక పనికిరాదు. స్ప్రింగుల మీద తెల్ల పొడి కనిపిస్తే నిమ్మరసం అద్దిన దూదితో తుడిచి, తరవాత స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టు.

అసలు సంగతి లిథియం ప్యాక్‌లది. ప్యాక్ ఎంత ఛార్జ్ పట్టగలదో చెప్పేది ఎంఏహెచ్. ఒరిజినల్ లెక్కలు గుర్తుంచుకో: గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీకి 600 ఎంఏహెచ్, మొదటి డీఎస్‌కి 850, డీఎస్ లైట్‌కి 1000, లావు పీఎస్పీకి 1800, సన్న పీఎస్పీకి 1200. అదే సైజులో రెండింతలు రాసున్న ప్యాక్ అమ్మితే ఆ అంకె అబద్ధం. ప్యాక్ మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తూ, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్నాయో లేదో చూడు. కనెక్టర్ సరిగ్గా దూరింది కదా అని ధైర్యపడకు. ఎరుపు, నలుపు వైర్ల వరస ఒక్కో తయారీదారు ఒక్కోలా పెడతాడు. గుచ్చే ముందు ప్రతిసారీ మల్టీమీటర్ పెట్టి ప్లస్ ఎటుందో చూడాల్సిందే. వైర్లు కత్తిరించేటప్పుడు ఒక్కోటీ విడిగా కత్తిరించి, దాని కొసకి టేపు చుట్టాకే రెండోది ముట్టుకో. రెండూ ఒకే కటర్ కింద పెట్టావా, ఆ కటరే వాటిని షార్ట్ చేస్తుంది. సెల్ ఒంటి మీద నేరుగా సోల్డర్ పెట్టకు, లోపలి పొర ఆ వేడికి తట్టుకోదు. ముందే ట్యాబులు, అంటే వైరు అంటించే సన్నటి లోహపు రేకులు, వెల్డ్ చేసి ఉన్న సెల్సే కొను.

బల్ల మీద ఛార్జింగ్‌కి టీపీ4056 చిప్ ఉన్న చిన్న ఛార్జర్ బోర్డు తెచ్చుకుంటావు కాబోలు. మార్కెట్లో దొరికే బోర్డుల్లో సాధారణంగా 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ ఉంటుంది, అంటే 1 ఆంపియర్. 600 ఎంఏహెచ్ సెల్‌కి అది మోయలేని భారం. ఆ రెసిస్టర్ తీసి 4 కిలో ఓమ్‌లది పెడితే 300 మిల్లీ ఆంపియర్లకి దిగుతుంది. బ్యాటరీకి రెండూ, బయటికి వేరే రెండూ టెర్మినల్స్ ఉన్న బోర్డే తీసుకో. బయటి జత లేనిదాంట్లో ప్రొటెక్షన్, అంటే సెల్ మరీ ఖాళీ అయినా, బయట షార్ట్ అయినా కరెంటు ఆపేసే ఏర్పాటు, ఉండదు.

ఇప్పుడు చెప్పేది రెండుసార్లు చదువు. రిపేరు పని చేసేవాళ్ళలో ఎప్పట్నించో ఉన్న పాడు అలవాటు ఇది: చచ్చిన సెల్‌ని లేపడం. నీ దగ్గరకొచ్చే మెషీన్లు ఏళ్ళ తరబడి బీరువాలో పడున్నవి. ప్యాక్ మీద మీటర్ పెడితే సున్నా చూపిస్తుంది. ఇంకో మంచి బ్యాటరీ తెచ్చి, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ రెండు క్షణాలు తాకించి "లేచింది" అనుకుంటారు. అలా చెయ్యకు. ముందు ప్లాస్టిక్ తొడుగు జాగ్రత్తగా విప్పి, ప్రొటెక్షన్ బోర్డుకి ఇవతల, నేరుగా సెల్ ట్యాబుల మీద కొలువు. అక్కడ 2.8, 3 వోల్టులుంటే బోర్డు తలుపేసుకుందంతే, సెల్ బతికే ఉంది. నెమ్మదిగా ఛార్జ్ చెయ్యొచ్చు. 2 వోల్టుల కంటే తక్కువుంటే ఆశ వదులుకో. 2కీ 2.5కీ మధ్యలో ఉన్నదాన్నీ ఇంకొకరి చేతికివ్వకు.

ఎందుకో చెబుతాను. అంత కిందికి దిగిన సెల్‌లో మైనస్ వైపున్న రాగి రేకు లోపలి ద్రవంలోకి కరగడం మొదలవుతుంది. మళ్ళీ ఛార్జ్ ఇవ్వగానే ఆ రాగి తిరిగి పేరుకుని, రెండు పలకల మధ్యనున్న పల్చటి పొరని పొడిచేస్తుంది. షార్ట్ సెల్ కడుపులోనే అవుతుంది. ప్రొటెక్షన్ బోర్డు కాపలా అంతా బయటే కాబట్టి అది ఆపలేదు. పైగా మొదట్లో అంతా బాగానే ఉంటుంది. 4.2 వోల్టులకి ఎక్కుతుంది, ఆట నడుస్తుంది, పిల్లాడు సంబరంగా పట్టుకెళ్తాడు. టీపీ4056 కూడా 2.9 వోల్టుల కంటే కింద ఉన్న సెల్‌కి పదో వంతు కరెంటు పెట్టి మెల్లగా లేపుతుంది. ఛార్జర్ ఒప్పుకుంది కదా అని నువ్వు ఒప్పుకోకు. పగ పట్టిన పాములా ఎప్పుడు కాటేస్తుందో తెలీదు. ఏ రాత్రో దిండు కింద పెట్టుకుని పడుకున్న పిల్లాడి చేతిలో కావచ్చు. కోప్పడుతున్నాననుకోకు, అమ్మా. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదొక్కటే.

అందుకని నువ్వు మార్చే ప్రతి ప్యాక్‌నీ నిండా ఛార్జ్ చేసి, విడిగా తీసి రెండు రోజులు ఊరికే ఉంచు. మొదటి గంట తరవాతి వోల్టేజీ రాసుకుని, రెండో రోజు మళ్ళీ చూడు. మంచి సెల్ పెద్దగా జారదు. రోజురోజుకీ దిగిపోతుంటే ఎవరికీ ఇవ్వకు. ప్యాక్‌లో మూడో పిన్ను ఉంటే అది చాలావరకూ వేడిని కనిపెట్టే థర్మిస్టర్‌ది. ఛార్జ్ ఎక్కడం లేదని దాని బదులు మామూలు రెసిస్టర్ అంటించకు.

ఛార్జింగ్ పొద్దున్నే పెట్టు, నువ్వు ఎదురుగా ఉన్నప్పుడే, మట్టి మూకుడులో. గది 45 డిగ్రీలు దాటితే అసలొద్దు. దాచిపెట్టేవాటిని 3.8 వోల్టుల దగ్గర ఆపి దాచు. పొగొస్తే ముందు ప్లగ్గు పీకి బయటికి పరిగెత్తు. ఆ పొగ విషం. తరవాత దూరం నుంచి బోలెడు నీళ్ళు పొయ్యి. మెషీన్ పోతే పోనీ.

ఉబ్బినవాటిని నొక్కకు, గుచ్చకు, పాత సామాన్లవాడికి వెయ్యకు. 2022 నాటి బ్యాటరీ వేస్ట్ నిబంధనల ప్రకారం వాడేసినవాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదీ దిగుమతిదారులదీ. ఈ-వేస్ట్ తీసుకునే చోటు దొరికేదాకా టెర్మినల్స్‌కి టేపు వేసి, పొడి ఇసుక డబ్బాలో, ఇంటికి దూరంగా ఉంచు.

వెనక మూత లేచిపోయిన పీఎస్పీ ఒకటి నీ దగ్గరుందట, నాకు చూపిస్తానన్నావట. దాన్ని బస్సులో తేకు. ఇసుక డబ్బాలో పెట్టి మూత వదులుగా వెయ్యి. ఆదివారం నేనే వస్తాను, మీటర్ తెస్తాను. రేకుల కింద ఆ బల్ల ఎక్కడ వెయ్యాలో కూడా చూద్దాం.

మీ మావయ్య