మూడో తరగతికి రోజూ రెండు గంటల హోంవర్క్ ఎక్కువేనండీ

మీ బాబు మూడో తరగతి, రోజూ రెండు గంటలు హోంవర్క్‌కే పోతోంది, మీరు తెలుగు మీడియంలో చదువుకున్నారు కాబట్టి ఎలా సాయం చేయాలో తెలియడం లేదు అన్నారు. ముందుగా, బాబు నిదానంగా రాస్తున్నాడని వాడిని తిట్టకండి. 2020లో కేంద్ర విద్యాశాఖ తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో హోంవర్క్ గురించి కూడా ఉంది. రెండో తరగతి దాకా అసలు ఇవ్వకూడదు. మూడు నుంచి ఐదు వరకు వారం మొత్తానికి రెండు గంటలు, ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు గంట మించకూడదు. అంటే వారానికి సరిపడేది మీ వాడు ఒక్క సాయంత్రంలో రాస్తున్నాడు.

మా పాప నాలుగులో ఉన్నప్పుడు ఇదే బాధ. రోజూ డైరీలో హోంవర్క్ పక్కనే ఎన్నింటికి మొదలుపెట్టింది, ఎన్నింటికి ముగించింది రాసి పంపేదాన్ని. తర్వాత క్లాస్ టీచర్‌ని కలిసి అదే చూపించాను. ఏ టీచర్‌కి ఆ టీచర్ కొంచెమే ఇస్తున్నారు, అన్నీ కలిస్తే ఎంతవుతుందో ఎవరూ చూడటం లేదు. ఆవిడ మిగతావాళ్లతో మాట్లాడి రోజుకు రెండు సబ్జెక్టులే ఉండేలా చేశారు. మీరూ గొడవగా కాకుండా, టైమ్ రాసిన డైరీతో వెళ్లండి.

ఇక తెలుగు మీడియం అని అస్సలు వెనకాడొద్దు. చాలామంది పిల్లలకు లెక్క వచ్చు, ఆ ఇంగ్లిష్ వాక్యమే అర్థం కాదు. 48 మామిడికాయలు ఉన్నాయి, బుట్టకు ఆరు చొప్పున పెడితే ఎన్ని బుట్టలు కావాలి అని మీరు తెలుగులో అడగండి, టక్కున చెప్తాడు. అప్పుడు పుస్తకంలోని వాక్యం మళ్లీ చదివించండి. ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) పాఠమైతే తెలుగులో మీకు చెప్పమనండి. నీళ్లు ఆవిరవడం గురించి చదివితే, దండెం మీద బట్టలు ఎలా ఆరుతున్నాయో వాడినే చెప్పనివ్వండి. తన మాటల్లో చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే. చెప్పలేకపోతే జవాబు ఎన్నిసార్లు రాసినా బట్టీయే.

మీరు మాత్రం రాసి పెట్టకండి. ప్రాజెక్ట్ చార్ట్ కూడా అంతే, బొమ్మలు వంకరగా అంటించినా వాడే అంటించాలి. ఏదైనా రాకపోతే వదిలేసి, 'ఈ లెక్క అర్థం కాలేదు' అని డైరీలో రాయండి. అన్నీ సరిగ్గా కనిపిస్తే పిల్లాడికి ఏం రావడం లేదో టీచర్‌కి ఎలా తెలుస్తుంది?

స్కూల్ నుంచి రాగానే కూర్చోబెట్టకండి. ఏదైనా తిని, కాసేపు ఆడుకున్నాక కూర్చుంటే పని త్వరగా అవుతుంది. ఆ టైములో ఇంట్లో టీవీ, మన చేతిలో ఫోన్ రెండూ ఉండకూడదు. ఎక్కాలకు వేరే టైమ్ అక్కర్లేదు, మీరు కూర తరుగుతూ అప్పజెప్పించుకోవచ్చు.

ఇంకొకటి, క్లాసులో అయిపోవాల్సిన రాత కూడా ఇంటికి వస్తోందేమో చూడండి. బోర్డు మీద ఉన్నది రాసుకోలేక మిగిలిపోతుంటే ఒకసారి కళ్లు చూపించండి. మా అక్క కొడుకు క్లాస్‌వర్క్ ఎప్పుడూ సగమే ఉండేది, చూపిస్తే దూరపు చూపు తక్కువని అద్దాలు ఇచ్చారు.