వారం వారం నీళ్లు మారుస్తున్నా నైట్రేట్ 50 దగ్గరే ఆగిపోతే

వారానికోసారి 10 శాతం నీళ్లు మారుస్తున్నా మీ రీఫ్ ట్యాంకులో (కోరల్స్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో) నైట్రేట్ 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) నుంచి దిగడం లేదన్నారు. నైట్రేట్ అంటే మేత, చేపల వ్యర్థాలు కుళ్లితే నీళ్లలో పేరుకునేది. డాలస్‌లో మా ఇంట్లో ఉన్న 75 గ్యాలన్ల ట్యాంకుతో నేనూ ఏడాదిపాటు ఇదే అవస్థ పడ్డాను.

ఒక చిన్న లెక్క చూడండి. 50లో 10 శాతం అంటే వారానికి 5 తీసేస్తున్నారు. అయినా అంకె కదలడం లేదంటే, వారం తిరిగేసరికి ట్యాంకు ఇంకో 5 తయారుచేస్తోందన్నమాట. ఈ లెక్కన ఒక్క నీళ్లు మార్చడంతోనే 10కి తేవాలంటే వారం వారం సగం ట్యాంకు మార్చాలి. ఉప్పు ఖర్చు అలా ఉంచండి, కోరల్స్‌కి అంత కుదుపు మంచిది కాదు. అందుకే ముందు ఆ 5 ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోండి.

మా ఇంట్లో రెండు చోట్ల దొరికింది. మొదటిది మేత. చేపలు అద్దం దగ్గరికొచ్చి చూస్తుంటే జాలేసి రోజుకి మూడు ఫ్రోజెన్ మైసిస్ క్యూబులు (చిన్న రొయ్యల్లాంటి జీవుల్ని గడ్డకట్టించిన మేత) వేసేవాణ్ణి. క్యూబుని కడిగి వేస్తే చాలంటారు గానీ, దానివల్ల తేడా కొంచెమే. ఒక్క క్యూబుకి తగ్గించాకే అంకె కదిలింది. చేపలు బాగానే ఉన్నాయి. రెండోది రాళ్ల వెనక పేరుకున్న మడ్డి. టర్కీ బేస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న వంటింటి గొట్టం) సందుల్లోకి నీళ్లు కొడితే పొయ్యిలో బూడిద ఊదినట్టు లేచింది, కాసేపు వెనక గోడే కనపడలేదు. ఇప్పుడు నీళ్లు మార్చే ముందు ప్రతిసారీ అలా లేపి సైఫన్‌తో లాగేస్తాను. సంప్‌లోని (ట్యాంకుకి కలిపిన ఫిల్టర్ తొట్టి) ఫిల్టర్ సాక్, అంటే మడ్డిని పట్టే గుడ్డ సంచిని, మూడు రోజులకోసారి ఉతుకుతాను. సంప్‌లోనే లైటు కింద కీటోమార్ఫా నాచు పెంచుతున్నాను. రెండు వారాలకోసారి గుప్పెడు పీకేస్తే, అది పీల్చుకున్న నైట్రేట్ కూడా దాంతోపాటే బయటికి పోతుంది.

ఒక్కటి మాత్రం నాలా చేయకండి. తొందరపడి వోడ్కా డోసింగ్, అంటే రోజూ కొలిచి కాస్త వోడ్కా ట్యాంకులో పోయడం, మొదలుపెట్టాను. వోడ్కాలోని కార్బన్ తిని బ్యాక్టీరియా పెరుగుతుంది, పెరుగుతూ నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ వాడేసుకుంటుంది, ఆ బ్యాక్టీరియాని స్కిమ్మర్ (నురుగుతో మలినాలు తీసే పరికరం) లాగేస్తుంది. పద్ధతి మంచిదే, కానీ డోసు రోజుకింత పెంచుకుంటూ పోయాను. మూడు వారాల్లో నైట్రేట్ సున్నా! సంబరపడ్డాను. ఆ తర్వాత కోరల్స్ రంగు వెలిసిపోయింది, ఇసుక మీద బుడగలతో గోధుమరంగు జిగురు తీగలు సాగాయి. అవి డైనోఫ్లాజెలేట్స్ అనే సూక్ష్మజీవులు. వాటిని వదిలించుకోవడానికి నాలుగు నెలలు పట్టింది, అంతలో ఎంతో ఇష్టంగా పెంచిన జోయాంథిడ్స్ అనే కోరల్స్ సగం పోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది. కోరల్స్‌కీ కొంచెం నైట్రేట్ కావాలి. 5 నుంచి 10 మధ్య నిలిస్తే నాకు చాలు, అక్కడికి కూడా నెలల మీద మెల్లగా దిగండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు టెస్ట్ కిట్‌లో పొడి ఉన్న సీసాని బాగా కుదిపి మళ్లీ కొలవండి. అడుగున గడ్డకట్టి ఉంటే అంకె తప్పు చూపిస్తుంది. ఆవిరైన నీళ్ల బదులు కుళాయి నీళ్లు పోస్తుంటే వాటిలోనూ నైట్రేట్ కొలవండి. నీళ్లు మార్చిన మర్నాడు ఒకసారి, వారం తర్వాత మళ్లీ మార్చబోయే ముందు ఒకసారి కొలిచి, ఆ రెండంకెలూ, రోజుకి మేత ఎంత వేస్తున్నారో ఇక్కడ రాయండి. ఏది ముందు తగ్గించాలో చూద్దాం.