రాత్రి రెండింటికి పనికొచ్చే కాగితం

మనసు విప్పి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా వయసు 26. ఎస్.ఆర్.నగర్‌లో హాస్టల్లో ఉంటూ హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాను. పోయిన వానాకాలంలో డిప్రెషన్‌తో కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. డిశ్చార్జి రోజున అక్కడి కౌన్సెలర్ నాచేత 'సేఫ్టీ ప్లాన్' అనే ఫారం నింపించారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఏం చేయాలో, ఎవరికి ఫోను చేయాలో అందులో ఉంది. ఫోటో తీసి ఫోనులో పెట్టుకున్నాను. ఈమధ్య ఒక రాత్రి రెండింటికి తెరిచి చూస్తే 'నడకకు వెళ్ళడం, పాటలు వినడం, స్నేహితులతో మాట్లాడటం' అని ఉంది. ఎవరి కోసమో రాసినట్టు అనిపించి మూసేశాను. ఎలాగో తెల్లారింది. శ్వాస మీద ధ్యాస, చుట్టూ ఉన్న వస్తువులు లెక్కపెట్టడం లాంటివీ నేర్పారు. బాగున్నప్పుడు వస్తాయి, అవసరమైనప్పుడు గుర్తే రావు. నాకు గడ్డు రోజులు ఎప్పుడూ ఒకే తీరుగా మొదలవుతాయి. మెస్‌లో రాత్రి భోజనం మానేస్తాను, వాట్సాప్ తెరవను, ఇంటికి పంపాల్సిన డబ్బు లెక్కలు మళ్ళీ మళ్ళీ వేస్తాను. రూమ్మేట్‌కు కొంత తెలుసు. ఉప్పల్‌లో ఉండే పిన్ని కూతురికి అంతా తెలుసు. సూర్యాపేటలో ఉన్న అమ్మకు మాత్రం 'నీరసం' అని చెప్పాను. ఈ కాగితాలు నిజంగా పనిచేస్తాయా, లేక నాకే చేతకావడం లేదా?

జవాబు: ఇది చదివే సమయానికి ఆ ఆలోచన మళ్ళీ వచ్చి ఉంటే పత్రిక పక్కన పెట్టి మానసిక సాయానికి ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కు ఫోను చేయండి. లేదా రూమ్మేట్‌ను పిలిచి పక్కన కూర్చోమనండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ఆ రాత్రి సంగతి మీ డాక్టరుకు ఇంకా చెప్పకపోతే ఈ వారమే చెప్పండి. తెల్లారింది కదా అని దాటేయవద్దు.

మీకు చేతకాకపోవడం కాదు. ఒక చేత్తో మందుల చీటీ, ఇంకో చేత్తో బిల్లు పట్టుకుని నింపిన ఫారం అది. ఎంత త్వరగా అయిపోతే అంత త్వరగా బయటపడదామని అందరూ రాసేదే మీరూ రాశారు. నడక, పాటలు, స్నేహితులు! రాత్రి రెండింటికి ఎస్.ఆర్.నగర్ వీధుల్లో ఒక ఆడపిల్ల నడకకు వెళ్ళడమేమిటి? హాస్టల్ గేటుకు తాళం ఉంటుందన్న సంగతి ఆ ఫారానికి తెలియదు. మీకు తెలుసు. కాబట్టి మీరే మళ్ళీ రాయాలి.

ఈ పద్ధతిని రూపొందించింది బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు. అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. ఎమర్జెన్సీ విభాగంలో ఈ ప్రణాళిక రాయించి, ఇంటికి వెళ్ళాక ఫోను చేసి పలకరించినవారిలో, మామూలు చికిత్స పొందినవారితో పోలిస్తే తర్వాతి ఆరు నెలల్లో ఆత్మహత్యకు సంబంధించిన చర్యలు సుమారు 45 శాతం తక్కువగా కనిపించాయి. పనిచేస్తాయా అని అడిగారు కనుక చెబుతున్నాను, పనిచేస్తాయి. కానీ ఆ ఫోను పలకరింపును మరవకండి. మీకు కాగితం ఇచ్చారు, ఫోను చేశారో లేదో మీరు రాయలేదు. తర్వాతిసారి కౌన్సెలర్ దగ్గరికి ఈ కాగితం పట్టుకెళ్ళి 'దీన్ని మళ్ళీ రాద్దాం' అనండి. మొహమాటం అక్కరలేదు, అది వారి పనే.

సెలవు రోజు మధ్యాహ్నం కడుపు నిండా తిన్నాక కూర్చోండి. తెలుగులో రాయండి, మీ మనసు తిట్టుకునేది ఏ భాషలోనో ఆ భాషలో. ముందుగా ప్రమాద సూచనలు. 'దిగులు' అని రాస్తే లాభం లేదు, దిగులు ఎప్పుడు ముదిరిందో దిగులులో ఉన్నవారికి తెలియదు. పక్కవారి కంటికి కూడా కనిపించేవి రాయాలి. మీ ఉత్తరంలోనే మూడు ఉన్నాయి: భోజనం మానడం, వాట్సాప్ తెరవకపోవడం, డబ్బు లెక్కలు. వాటికి ఒక వాక్యం చేర్చండి. గడ్డు రాత్రుల్లో చాలామందికి ఏదో ఒక వాక్యం తిరిగి తిరిగి వస్తుంది. 'నేను లేకపోతే వీళ్ళకు భారం తగ్గుతుంది' లాంటిది. మీది ఏదో అదే మాటల్లో రాసి, కింద 'ఇది వచ్చిందంటే కాగితం తీయాలి' అని రాయండి. అప్పుడు ఆ వాక్యంతో వాదించే పని ఉండదు. అది నిజమా కాదా అన్న చర్చ రాత్రి రెండింటికి పెట్టుకుంటే మీరే ఓడిపోతారు. అది వచ్చిందా లేదా అన్నదొక్కటే చూసుకోండి.

తర్వాత, ఒంటరిగా చేయగలిగినవి. షరతు ఒకటే: దీపం వెయ్యకుండా, రూమ్మేట్ నిద్ర చెడకుండా, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా చేయగలగాలి. వాష్‌బేసిన్ దగ్గర చన్నీళ్ళతో ముఖం తడిపి, తడి తువ్వాలు కళ్ళ మీద, బుగ్గల మీద కాసేపు అదిమి పెట్టడం ఒకటి. ముఖానికి చల్లదనం తగిలితే గుండె వేగం తగ్గుతుంది, అది శరీరంలో సహజంగా ఉన్న ఏర్పాటు. గుండె జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి చేయాలి. ఊపిరి తీసుకునేటప్పుడు నాలుగు, వదిలేటప్పుడు ఆరు అంకెలు లెక్కపెట్టడం ఇంకొకటి. వదలడం పొడుగ్గా ఉండాలి, అసలు కిటుకు అక్కడే ఉంది.

వస్తువులు లెక్కపెట్టడం మీకు కుదరలేదు. చీకటి గదిలో ఏం లెక్కపెడతారు పాపం! మీరు మెట్రోలో వెళ్తారనుకుంటాను, రెడ్ లైన్ స్టేషన్లను వెనక నుంచి చెప్పుకోండి. ఎల్బీనగర్, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్... అలా మియాపూర్ దాకా 27. మధ్యలో తప్పితే మళ్ళీ ఎల్బీనగర్ నుంచే. లక్డీకాపూల్ ముందా, అసెంబ్లీ ముందా అని వెతుక్కునే మనసుకు ఆ పాత వాక్యాన్ని తిప్పుతూ కూర్చోవడం కష్టమవుతుంది. నా దగ్గరికి వచ్చే కొందరు ఎక్కాలు వెనక నుంచి చెప్పుకుంటారు, ఒకాయన ఇంట్లో పెళ్ళిళ్ళ క్రమం చెప్పుకుంటారు. ఏదైనా సరే, కాస్త కష్టంగా ఉండాలి, కన్నీళ్ళు తెప్పించేది కాకూడదు. మీ జాబితాలోని పాటలు అందుకే తీసేయమంటాను. మనవాళ్ళ ప్లేలిస్టుల్లో రాత్రిపూట పాటలన్నీ విరహమే.

అవసరమైనప్పుడు గుర్తు రావడం లేదన్నారు. రావు మరి. రోజూ వంట చేసే చెయ్యి ఉప్పు కొలవదు, పండక్కి మాత్రమే వండేవారు చెంచా వెతుక్కుంటారు. బాగున్న రోజుల్లోనే, ఇప్పటికే ఉన్న ఒక అలవాటుకు దీన్ని ముడిపెట్టాలి. అమీర్‌పేటలో బ్లూ లైన్‌కు మారుతారు కదా, ప్లాట్‌ఫాం మీద రైలు వచ్చేదాకా నాలుగు-ఆరు ఊపిరి. రాత్రి పళ్ళు తోముకున్నాక తడి తువ్వాలు. అంతే, ఇంకేమీ చేర్చవద్దు. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 'ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను' అని ముందే జత చేసుకున్న నిర్ణయాలు ఉత్త సంకల్పాలకన్నా ఎక్కువగా అమలవుతాయని చూపించారు. మీ కాగితంలోని వాక్యాలన్నీ అలాగే ఉండాలి: 'ఆ వాక్యం వస్తే మంచం దిగి వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్తాను.' చేశాక బాధకు పదికి ఎన్ని మార్కులో వేసుకోండి. తొమ్మిది ఏడయితే అది నెగ్గినట్టే. ఇవి దుఃఖాన్ని పోగొట్టవు. తీవ్రమైన ఘడియ సాధారణంగా నిమిషాల్లోనో గంటల్లోనో మెత్తబడుతుంది, అంతవరకు మిమ్మల్ని నిలబెడతాయి. ఏడుకు దిగకుండా తొమ్మిది దగ్గరే ఉంటే అదే పని రెండోసారి చేయకుండా తర్వాతి మెట్టుకు వెళ్ళిపోండి.

ఆ మెట్టు, మనుషుల మధ్యకు వెళ్ళడం. బాధ గురించి మాట్లాడక్కరలేదు, ఊరికే మనుషులు ఉండాలి. పగలైతే బల్కంపేట ఎల్లమ్మ గుడి ఆవరణ, ఏదైనా ఇరానీ హోటల్. రాత్రయితే హాస్టల్ వరండా, టీవీ గది, తెల్లవారుజామున ఇడ్లీ పిండి పనిలో ఉండే మెస్ అక్క. ఏకాంతంగా, ప్రశాంతంగా ఉంటుందని మీకు అనిపించే చోట్లు ఈ జాబితాలో వద్దు.

సాయం అడిగేవారిలో ముందు రూమ్మేట్, తర్వాత ఉప్పల్ అక్క లేదా చెల్లెలు. పేర్లు రాసేస్తే సరిపోదు, వారిని అడగాలి. 'ఎప్పుడైనా అర్ధరాత్రి ఫోను చేస్తే ఎత్తుతావా, ఫోను సైలెంట్‌లో పెట్టినా నా నంబరు మోగేలా పెట్టుకుంటావా' అని అడగండి. పంపాల్సిన మెసేజి కూడా ఇప్పుడే రాసి ఉంచుకోండి: 'నాకు ఈ రాత్రి బాగాలేదు. సలహాలు వద్దు. ఫోను పెట్టేయకుండా ఉండు.' ఆ సమయంలో వాక్యం కూర్చడం కూడా బరువే. అమ్మ సంగతి అంటారా? రాత్రి రెండింటికి సూర్యాపేట నుంచి ఆమె చేయగలిగింది తక్కువ. కాబట్టి ఈ కాగితం కోసం ఇప్పుడే చెప్పి తీరాలని నేను అనను. 'నీరసం' అన్న మాట ఆమె నమ్మిందని కూడా నేను అనుకోను.

టెలీ మానస్ నంబరు 14416 మీ కాగితంలో ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. గడ్డు రాత్రి మొదటిసారి చేయడం కన్నా బాగున్న రోజు ఒకసారి చేసి, ఏ భాషకు ఏ బటన్ నొక్కాలో, అవతలి గొంతు ఎలా ఉంటుందో తెలుసుకోండి. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే 108 లేదా 112. మీ స్టేషన్ నుంచి మియాపూర్ వైపు రెండో స్టేషన్ ఎర్రగడ్డ, ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నది అక్కడే. మన ఊళ్ళో 'ఎర్రగడ్డకు పంపాలి' అన్నది ఎగతాళి మాట. ఆ ఎగతాళికి జంకి గేటు దాకా వెళ్ళి తిరిగి వచ్చినవారిని నేను చూశాను, అందుకే ఆ మాట ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఉస్మానియాలో, గాంధీలో కూడా మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి.

ఫారంలో చివర ఉండేదాన్ని నన్నడిగితే అన్నిటికన్నా ముందు చేయాలి. ఆ ఆలోచన వచ్చినప్పుడు మీ మనసు ఏ వస్తువు వైపు వెళ్తుందో మీకు తెలుసు. అది మీకు అందకూడదు. మందులైతే వారానికి సరిపడా మాత్రమే మీ దగ్గర, మిగతావి ఉప్పల్‌లో. ఇంకేదైనా అయితే నాకు రాయనక్కరలేదు, డాక్టరుకు చెప్పండి, రూమ్మేట్ సాయంతో గదిలోంచి తీయించండి. ఆలోచన మెత్తబడేదాకా కొంత దూరం, కొంత ఆలస్యం కల్పించడం ఎంతోమందిని కాపాడిన పని. మీ మీద నమ్మకం లేకపోవడంగా దీన్ని తీసుకోకండి.

కాగితం మొత్తం ఒక పేజీ దాటకూడదు. ఫోను గ్యాలరీలో పెళ్ళి ఫోటోల మధ్య వెతుక్కునేలా కాకుండా లాక్ స్క్రీన్ మీద పెట్టుకోండి. నలుగురు చూస్తారనుకుంటే మెట్రో కార్డు కవరులో మడిచి పెట్టండి. ఉద్యోగమో, హాస్టలో, రూమ్మేటో మారిన రోజున తిరగరాయండి.

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా తమ్ముడు అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాడు. డాక్టరు రాయించిన ప్లాన్‌లో నా పేరు, నంబరు ఉన్నాయట. వాడు ఫోను చేస్తే నేనేం మాట్లాడాలి? చావు మాట నేనే ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని భయం.

జవాబు: పుట్టదు. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా రాదని పరిశోధనలు చెబుతున్నాయి, నా అనుభవమూ అదే. 'చనిపోవాలని అనిపిస్తోందా నాన్నా?' అని సూటిగానే అడగండి. 'పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా' అని అడిగితే మాత్రం 'లేవక్కా' అనే వస్తుంది, ఆ ప్రశ్నలోనే జవాబు పెట్టేశారు మరి. అవునంటే, ఎలా, ఎప్పుడు అన్నది కూడా మనసులో అనుకున్నాడా అని అడగండి. అనుకుని ఉంటే ఫోను పెట్టేయకండి. అక్కడి స్నేహితుడినెవరినైనా గదికి పంపండి, మీరు బయల్దేరండి, ఆ రాత్రి వాడిని ఒంటరిగా వదలవద్దు, డాక్టరు దగ్గరికో ఎమర్జెన్సీకో తీసుకెళ్ళండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. 'నిన్ను కాపాడటానికి ఎవరికి చెప్పాలో వారికి మాత్రమే చెబుతాను' అనండి.

అంత ప్రమాదం లేనప్పుడు వినడమే సగం పని. నోటిఫికేషన్లు, కటాఫ్‌లు, పక్కింటి అబ్బాయి ఉద్యోగం ఆ ఫోనులో రాకూడదు. వాడి కాగితం ముందు పెట్టుకోమని, ఏ మెట్టు దగ్గర ఉన్నాడో చదవమనండి. ఆదివారం భోజనానికి పిలిచినప్పుడు ఆ కాగితం ఒక నకలు అడిగి తీసుకోండి. అమ్మానాన్నలకు ఎంత చెప్పాలన్నది వాడితో కలిసే తేల్చుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి గతంలో ఆత్మహత్యకు ప్రయత్నించి బయటపడ్డాడు. ఆసుపత్రికి మళ్ళీ తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందని, ఉద్యోగం రాదని బంధువులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ బంధువులు పాత చట్టం దగ్గరే ఆగిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, వేరుగా రుజువైతే తప్ప, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309వ సెక్షన్ అసలు లేదు. ఆసుపత్రివారు పోలీసులకు సమాచారం ఇవ్వవచ్చు, ఒకరు వచ్చి వాంగ్మూలం రాసుకోవచ్చు. దానికి కంగారుపడి చికిత్స ఆపకండి. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని అదే చట్టం చెబుతుంది, కంపెనీ అడిగినంత మాత్రాన ఆసుపత్రి ఇచ్చేయకూడదు. తన వైద్య రికార్డులు చూసే హక్కు కూడా మీ అబ్బాయికి ఉంది. డిశ్చార్జి సమ్మరీ నకలు తీసుకుని, డాక్టరు మారితే కొత్తవారికి చూపించండి.