ఆ చప్పుడు ఏ ఇంట్లో పుట్టింది?

అబ్బాయీ,

బ్రిటిష్ రాక్ బ్యాండు లెడ్ జెప్లిన్ పాట ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరాలోనే డ్రమ్స్ పిడుగుల్లా పడ్డాయి, కొండల్లా దొర్లాయి, గుండెలదరగొట్టాయి. మూడూ కొట్టేశాను, ఏమీ అనుకోకు. అవి చదివితే నువ్వు అదిరిపోయావని తెలిసిందే గాని, ఆ చప్పుడు నా చెవిన పడలేదు. నీ వయసులో నేనూ ఇంతే, పాట నచ్చితే చాలు విశేషణాలు కుప్ప పోసేవాణ్ణి.

అది పుట్టిన ఇంట్లోకి తీసుకెళ్లు నన్ను. ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్ పల్లెపట్టున హెడ్లీ గ్రేంజ్ అని ఒక పాత భవనం. 1795లో దిక్కులేని పేదల కోసం కట్టింది. నాలుగో ఆల్బమ్‌కి వీళ్లు అక్కడ మకాం పెట్టారు. రికార్డింగ్ సరంజామా అంతా బయట ఆగి ఉన్న రోలింగ్ స్టోన్స్ అనే మరో బ్యాండు వాళ్ల లారీలో. జాన్ బోన్హామ్ డ్రమ్స్ మెట్ల కింది హాల్లో. ఇంజనీరు ఆండీ జాన్స్ పైనుంచి రెండు మైకులు కిందికి వేలాడదీశాడు, అంతే. అంటే మనం వింటున్నది ఒట్టి దెబ్బ కాదు, గోడగోడకీ తగులుతూ మెట్లెక్కి వచ్చిన దెబ్బ. దాన్ని బిన్సన్ ఎకో యంత్రంలోంచి పంపారు, తర్వాత టేపు వేగం తగ్గించారు. ఆ బరువు, ఆ ఈడ్పు అక్కణ్ణుంచి వచ్చాయి. ఇది రాశాక పిడుగులెందుకు?

ఇంకొకటి. నీ కథ ఆ ఆల్బమ్ వచ్చిన 1971లో మొదలైంది. పాట 1929ది. మెంఫిస్ మిన్నీ, కాన్సస్ జో మెకాయ్ అనే అమెరికా నల్లజాతి దంపతులు రెండు గిటార్లతో చేసిన బ్లూస్ పాట. వెనక ఉన్నది 1927 మిసిసిపీ వరద. లెవీని నువ్వు ‘అడ్డుగోడ’ అన్నావు. కరకట్ట అను. గండి పడటమంటే ఏమిటో మన లంకల వాళ్లకి విడమర్చక్కర్లేదు. ఆ ఏప్రిల్‌లో ఆ నది ఒడ్డునున్న గ్రీన్‌విల్ పట్నానికి ఎగువన కట్ట తెగింది. అంతకుముందు ఇసుక బస్తాలు మోసింది నల్లజాతి కూలీలే. వరదొచ్చాక వేలమందిని ఆ కట్ట మీదే శిబిరాల్లో ఉంచి, కదలనివ్వకుండా పని చేయించారు. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు! 1986లో బీస్టీ బాయ్స్ అనే ర్యాప్ బృందం ఆ డ్రమ్స్‌ని తమ పాటలోకి ఎత్తుకున్న సంగతికి మాత్రం అరపేజీ. అటూ ఇటూ మార్చు.

ఆల్బమ్‌లో ఆ పాట కర్తలుగా బ్యాండు నలుగురితో పాటు మిన్నీ పేరు వేశారు. 1929 రికార్డులో పాడింది జో. అతని పేరు లేదు. ఎందుకు లేదో ఊహించి రాయొద్దు, లేదని మాత్రం రాయి.

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. మీ అపార్ట్‌మెంట్ మెట్ల కింద నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టు. పై అంతస్తులో మీ చెల్లిని నిలబెట్టి, ఏం వినబడిందో తన మాటల్లోనే చెప్పమను. అది రాసుకుని పంపు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు