కాక్టస్‌కి ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్ సగం సగం సరిపోతుందా?

నర్సరీ నుంచి తెచ్చిన కాక్టస్ కాండం మొదలు దగ్గర రంగు మారిందని, కుండీ మార్చడానికి ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్ సగం సగం కలపొచ్చా అని అడిగారు. వద్దండి. ఆ మిశ్రమం తడిని పట్టి ఉంచుతుంది. గులాబీకైతే సరే గానీ, కాక్టస్‌కి ఆ తడే ముప్పు.

ముందు మొదలు నొక్కి చూడండి. గట్టిగా, బెరడులా ఉంటే అది వయసుతో వచ్చే రంగే, టెన్షన్ పడకండి. మెత్తగా ఉంటే కుళ్లు. అప్పుడు వేర్లకున్న పాత కోకోపీట్ (కొబ్బరి పొట్టు) అంతా దులిపి, కుళ్లిన భాగం శుభ్రమైన బ్లేడుతో కోసేసి, కోసినచోట పూర్తిగా ఎండేదాకా నీడలో ఉంచండి.

ఇక మట్టి. ఒక వంతు ఎర్రమట్టికి రెండు వంతుల ముతక ఇసుక, ఒక గుప్పెడు వర్మీకంపోస్ట్. కిటుకంతా ఇసుకలోనే ఉంది. సన్న ఇసుక మట్టి సందుల్లో చేరి గట్టిపడిపోతుంది. అందుకే ఇల్లు కట్టే చోట దొరికే ఇసుకను జల్లెడ పట్టి, పైన మిగిలిన పలుకులు కడిగి వాడండి. అవి చాలకపోతే బఠానీ గింజంత ఇటుక ముక్కలు కలపండి. ప్యూమిస్ (తేలికైన, చిల్లుల అగ్నిపర్వత రాయి) దొరికితే ఇంకా మంచిది, కాకపోతే ఖరీదు. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, నల్లరేగడి నీళ్లు వదలదు, రెండూ వద్దు.

కలిపాక కొంచెం తడిపి పిడికిట్లో నొక్కండి. చెయ్యి తెరవగానే విడిపోవాలి. ముద్దగా నిలిస్తే ఇసుక ఇంకా పడాలన్నమాట.

చిల్లున్న మట్టి కుండీ, మొక్క కంటే ఒక అంగుళం వెడల్పు చాలు. అడుగున గులకరాళ్లు పరవక్కర్లేదు, వాటివల్ల తడి త్వరగా దిగదు. నాటాక వారం దాకా నీళ్లు పోయకండి.