7805 వేడెక్కి ఆగిపోతుంటే

12 వోల్టుల అడాప్టర్‌కు 7805 (స్థిరంగా 5 వోల్టులు ఇచ్చే రెగ్యులేటర్ ఐసీ) పెట్టి 5 వోల్టులు తీస్తున్నానని, అర ఆంపియర్ లోడు పడగానే కాసేపటికి అవుట్‌పుట్ పడిపోయి, చల్లారాక మళ్లీ వస్తోందని రాశారు. ఐసీ పాడవలేదండీ. వేడి మితిమీరి తనను తానే ఆపుకుంటోంది.

7805 లాంటి లీనియర్ రెగ్యులేటర్ మిగులు వోల్టేజీనంతా వేడిగానే వదిలించుకుంటుంది. 12లో 5 పోగా 7 వోల్టులు; అర ఆంపియర్‌తో గుణిస్తే 3.5 వాట్లు. హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు ముక్క) లేని టీఓ-220 ప్యాకేజీలో, అంటే 7805 మామూలుగా వచ్చే మూడు కాళ్ల తొడుగులో, ఒక్కో వాట్‌కు సుమారు 65 డిగ్రీల చొప్పున లోపలి ఉష్ణోగ్రత పెరుగుతుంది. అంటే గది వేడి మీద మరో 227 డిగ్రీలు! 125 దాటనివ్వకూడని చిప్‌కు అది ఎలా సాధ్యం?

నా సలహా, ముందు అడాప్టర్ మార్చండి. 9 వోల్టులదైతే నష్టం 2 వాట్లకు దిగుతుంది, అప్పుడు చిన్న హీట్‌సింక్ చాలు. అయితే అది కూడా తప్పనిసరే. ఇన్‌పుట్‌ను 7.5 కన్నా తగ్గించకండి, 7805కు అవుట్‌పుట్ మీద దాదాపు 2 వోల్టులు అదనంగా కావాలి.

మీరు పంపిన బొమ్మలో ఇన్‌పుట్ కెపాసిటర్ బోర్డు అవతలి అంచున ఉంది. 0.33 మైక్రోఫారడ్‌ది ఇన్‌పుట్ కాలికి, 0.1ది అవుట్‌పుట్ కాలికి ఆనుకుని ఉండాలి, లేకపోతే ఆసిలేషన్ (అవుట్‌పుట్ నిలకడ లేకుండా ఊగడం) రావచ్చు. అవుట్‌పుట్‌లో 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టారు కాబట్టి ఇన్‌పుట్, అవుట్‌పుట్ కాళ్ల మధ్య 1ఎన్4007 డయోడ్ కూడా కలపండి, గీత ఉన్న కొస ఇన్‌పుట్ వైపు. ఇన్‌పుట్ హఠాత్తుగా షార్టయితే ఆ కెపాసిటర్‌లోని ఛార్జి ఐసీ గుండా వెనక్కి పారకుండా డయోడే దారి ఇస్తుంది.