మా అమ్మాయి స్కూల్లో హాకీ ఆడుతోంది, జూనియర్ ప్రపంచ కప్ మ్యాచ్‌లు చూపిస్తే ఉపయోగమా?

మీరు అడిగింది ఇదీ: గుంటూరులో ఉంటున్నారు, అమ్మాయి ఎనిమిదో తరగతి, పీఈటీ గారు హాకీ జట్టులో వేశారు, ఇంట్లో అమ్మాయిల జూనియర్ ప్రపంచ కప్ మ్యాచ్‌లు పెట్టి చూపిస్తే ఏమన్నా ఉపయోగమా, లేక చదువు పాడవుతుందా అని. చూపించండి. చదువు పాడవదు. పాడయ్యేది హాకీయే, అదీ పదో తరగతి మార్కులు వచ్చిన మర్నాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను, మధ్యలోనే వచ్చేస్తే ఏమీ అనుకోకండి, ఆ విషయంలో నాకు నోరు ఆగదు.

నేను కోచ్‌ని కాదు, ఆటగాణ్ణీ కాదు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాని. మా అక్క కూతురు స్కూల్ జట్టుకి గోల్‌కీపర్. దాన్ని గ్రౌండ్ దగ్గర దింపడం, మళ్ళీ తీసుకురావడం నా డ్యూటీ, ఎందుకంటే మా బావకి ఆ టైముకి షాపు వదిలి రావడం కుదరదు, అక్కకి బండి రాదు. గోల్‌కీపర్ సామాను ఎంత ఉంటుందో మీకు ఇంకా తెలియదేమో. కాళ్ళకి మందపాటి ఫోమ్ లెగ్ గార్డులు, పాదాలకి కిక్కర్లు, ఛాతీకి గార్డు, చేతులకి ఒక్కోదానికి ఒక్కో రకం గ్లవ్, పైన హెల్మెట్. అదంతా ఒక బ్యాగు, ఆ బ్యాగు స్కూటర్ మీద నా కాళ్ళ దగ్గర, వెనకాల పిల్ల. స్కూలు మొత్తానికి ఉన్నది ఒకటే సెట్టు, అదీ మగపిల్లల సైజు. కిక్కర్ పట్టీ తెగితే మా కొట్లో టిక్కీల, అంటే మిర్చి బస్తాల, మూతి కుట్టే పురికొస తెచ్చి కట్టేవాణ్ణి. ఆ హెల్మెట్ లోపలి వాసన గురించి రాయను.

మ్యాచ్ చూడటం వల్ల ఏమొస్తుందో చెప్పాలంటే ఒక్క రోజు గురించి చెప్తే సరిపోతుంది. 2022 ఏప్రిల్ 12. దక్షిణాఫ్రికాలో పోచెఫ్‌స్ట్రూమ్ అనే ఊళ్ళో జూనియర్ ప్రపంచ కప్, మూడో స్థానం కోసం మన అమ్మాయిలకీ ఇంగ్లండ్‌కీ మ్యాచ్. అసలు ఆ టోర్నమెంటు అంతకుముందు డిసెంబర్‌లో జరగాలి, ఒమిక్రాన్ భయంతో వాయిదా వేసి ఏప్రిల్‌లో పెట్టారు. ఏప్రిల్ అంటే మా యార్డులో ఊపిరాడని సీజన్. పొద్దున్నే బేరాలు అయిపోతాయి, ఆ తర్వాత కాటాలు, కుట్లు, లారీ లోడింగ్. మా పిల్ల అప్పుడు పదో తరగతి, ఆ ఏడు పరీక్షలు నెలాఖరుకి పడ్డాయి కాబట్టి ఇంట్లో టీవీకి కేబుల్ పీకేశారు, ఫోన్ దాచేశారు. అది నాకు క్యారేజీ ఇచ్చే వంకతో కొట్టుకి వచ్చేసింది. చున్నీ ముక్కుకి చుట్టుకుని, ఘాటుకి తుమ్ముతూనే, "మావయ్యా, ఫోన్ ఇటివ్వు" అంది. ఖాతా పుస్తకానికి ఆనించి ఫోన్ పెట్టాం.

ఆ టోర్నమెంటులో మనవాళ్ళు బాగా ఆడుకుంటూ వచ్చారు. వేల్స్‌ని 5-1, జర్మనీని 2-1, మలేసియాని 4-0, క్వార్టర్ ఫైనల్లో కొరియాని 3-0. సెమీస్‌లో నెదర్లాండ్స్ 3-0తో కొట్టింది, వాళ్ళ సంగతి వేరే, చివరికి కప్పు వాళ్ళదే. ఇంగ్లండ్‌తో మ్యాచ్‌లో ముంతాజ్ ఖాన్ రెండు గోల్స్ వేసింది, 2-1తో మనం ముందున్నాం. జూనియర్‌లో కూడా ఆట 60 నిమిషాలే, పదిహేనేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు. 58వ నిమిషంలో ఇంగ్లండ్ సమం చేసేసింది. రెండు నిమిషాలు! మా పిల్ల చున్నీ తీసేసి టేబుల్ మీద కొట్టింది. నేను ఏదో తిట్టాను, ఇక్కడ రాయలేను.

అప్పటికి మా చుట్టూ నలుగురైదుగురు హమాలీలు చేరారు. షూటౌట్ మొదలవగానే వాళ్ళలో పెద్దాయన అడిగాడు, "ఏందమ్మాయ్, ఆ పిల్ల ఒక్కతే నిలబడ్డది, మిగతావోళ్ళు ఏరీ?" అని. మా పిల్ల స్క్రీన్ మీద నుంచి కళ్ళు తిప్పకుండానే చెప్పింది: "తాతా, ఇది పెనాల్టీ కొట్టడం కాదు. ఆ ఇరవై మూడు మీటర్ల గీత దగ్గర్నుంచి ఒకమ్మాయి బంతి తీసుకుని వస్తుంది, కీపర్ ఎదురెళ్ళి ఆపొచ్చు. ఎనిమిది సెకన్లే టైము. ఒక్కో జట్టుకి ఐదు ఛాన్సులు." ఆయన "ఎనిమిది సెకన్లా, టిక్కీ భుజానికి ఎక్కేలోపే అయిపోద్ది" అని కూర్చుండిపోయాడు. బయట లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు, ఎవరూ కదల్లేదు.

మనకి ఒక్కటీ పడలేదు. 0-3. నాలుగో స్థానం.

నేననుకున్నాను అది ఏడుస్తుందని. ఏడవలేదు. కొట్టు వెనకాల రెండు వరసల టిక్కీల మధ్య సందు ఉంటుంది, సుమారుగా గోల్ పోస్టు అంత వెడల్పు. అక్కడికెళ్ళి నిలబడి, "మావయ్యా, ఒకటి నుంచి ఎనిమిది లెక్కపెట్టు, గడియారం చూసి" అంది. నేను లెక్కపెడుతుంటే నాలుగడుగులు ముందుకొచ్చి, ఒక మోకాలు వంచి, చెయ్యి నేలకి ఆనించి ఆగేది. మళ్ళీ వెనక్కి. మళ్ళీ లెక్క. "గీత మీదే నిలబడితే గోల్ అంతా ఖాళీగా కనపడుద్ది, ఎంత ముందుకొస్తే అంత మూసుకుపోద్ది, కానీ మూడో సెకను దాకా ఆగాలి" అని దానికదే చెప్పుకుంటోంది. ఈ ముక్క దానికి ఏ కోచ్ చెప్పలేదు, ఆ అయిదు నిమిషాల్లో ఫోన్లో చూసి పట్టుకున్నదే. ఆ తర్వాత మా షావుకారు వచ్చి, లారీ ఎందుకు కదల్లేదని అందరికీ అక్షింతలు వేశాడు, అది వేరే కథ.

కాబట్టి చూపించండి, కానీ గోల్స్ ముక్కలు కత్తిరించి పెట్టే వీడియోలు కాదు, మొత్తం మ్యాచ్. అందులోనూ కీపర్‌ని చూడమనండి. నా గట్టి నమ్మకం ఏంటంటే అమ్మాయిల జూనియర్ హాకీలో మన తలరాత రాసేది గోల్‌కీపరే. చూడండి, 2013లో జర్మనీలో మొంచెన్‌గ్లాడ్‌బాఖ్‌లో మనకి కాంస్యం వచ్చింది, జూనియర్ ప్రపంచ కప్‌లో మన అమ్మాయిలు తెచ్చిన మొదటి పతకం, అదీ ఇదే ఇంగ్లండ్ మీద, అదీ షూటౌట్‌లోనే. రాణి రాంపాల్ పేరు అప్పుడే ఊరూరా తెలిసింది. 2023 చివర్లో చిలీలో తొమ్మిదో స్థానం వచ్చింది, దారిలో న్యూజిలాండ్‌నీ చివర్లో అమెరికానీ షూటౌట్‌లలోనే దాటాం. 2024 డిసెంబర్‌లో మస్కట్‌లో జూనియర్ ఆసియా కప్ ఫైనల్, చైనా మీద, మళ్ళీ షూటౌట్, గెలిచాం. 2023లో జపాన్‌లో ఆ జూనియర్ ఆసియా కప్ మొదటిసారి గెలిచినప్పుడు మాత్రం కొరియా మీద 2-1, ఆట టైములోనే అయిపోయింది, నా గుండెకి కాస్త విశ్రాంతి.

పైగా మన రాష్ట్రం నుంచి భారత జట్టు దాకా వెళ్ళిన ఎతిమరపు రజని కూడా గోల్‌కీపరే, ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెటూరి పిల్ల. తెలుగువాళ్ళకి గోల్ దగ్గర నిలబడే ఓపిక పుట్టుకతో ఉంటుందని నేనంటాను. ఆధారం అడక్కండి. మీ అమ్మాయి ఫార్వర్డ్ ఆడుతుంటే, పీఈటీ గారితో మాట్లాడి ఒకసారి ప్యాడ్లు కట్టించి చూడండి. ఫార్వర్డ్ అవ్వాలని అందరికీ ఉంటుంది, ఆ హెల్మెట్ పెట్టుకోవడానికి ఎవరూ ముందుకు రారు, సెలక్షన్లలో పోటీ కూడా అక్కడే తక్కువ.

ఇప్పుడు నోరు ఆగని విషయం. జూనియర్ ప్రపంచ కప్ అంటే ఇరవై ఒక్క ఏళ్ళ లోపు వాళ్ళది. అంటే అందులో ఆడే పిల్లలు పదహారు నుంచి ఇరవై మధ్యలో గట్టిపడాలి. మన గుంటూరు, విజయవాడల్లో పదహారో ఏడు వస్తే పిల్ల ఎక్కడుంటుంది? ఏసీ క్లాస్‌రూమ్‌లో. మా దాన్ని విజయవాడలో ఒక కార్పొరేట్ కాలేజీలో చేర్చారు, పేరెందుకు. చేర్చిన రోజు నేనూ వెళ్ళాను. గ్రౌండ్ ఎక్కడండీ అని అడిగితే, ఆ అడ్మిషన్లు చూసే అబ్బాయి నవ్వి, "ఆటలన్నీ బీటెక్‌లో ఆడుకోవచ్చు సార్" అన్నాడు. ఆరో అంతస్తు. పొద్దున స్టడీ అవర్, మధ్యలో క్లాసులు, రాత్రి మళ్ళీ స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. జిల్లా సెలక్షన్లకి ఒక్క రోజు పంపమని బావ చేత ఫోన్ చేయిస్తే, వీక్లీ టెస్టు మిస్సయితే ర్యాంకు పడిపోతుందని బావనే భయపెట్టారు. బావ భయపడ్డాడు కూడా. ఇప్పుడది బీటెక్‌లో ఉంది, ఆటలు ఆడుకోవచ్చన్న చోట. ఆడదు. అక్కడ క్రికెట్ నెట్స్ ఉన్నాయి, అవీ అబ్బాయిలకి.

2025 డిసెంబర్‌లో మళ్ళీ చిలీలోనే జూనియర్ ప్రపంచ కప్ జరిగితే, మొదటిసారి 24 జట్లతో, అందులో ఆడినవాళ్ళు దాని ఈడువాళ్ళే. నేను చూశాను. దానికి ఫోన్ చేసి చెప్పాను. "ఇంటర్నల్స్ ఉన్నాయి మావయ్యా" అంది.

మనకి డబ్బుల్లేక కాదండీ. 2022 జట్టు కెప్టెన్ సలీమా టేటే, సంగీతా కుమారి, బ్యూటీ డుంగ్‌డుంగ్, ముగ్గురూ జార్ఖండ్‌లో సిమ్‌డెగా అనే ఒక్క జిల్లా వాళ్ళు. అక్కడ పల్లెల్లో టోర్నమెంటు గెలిస్తే మేకపోతుని బహుమతిగా ఇస్తారు. పిల్లలు వెదురు కర్రలతో మొదలెడతారు. ముంతాజ్ అమ్మానాన్నలు లక్నోలో కూరగాయల బండి పెట్టుకుని బతికేవాళ్ళు, ఆ పిల్ల ఆ ఒక్క టోర్నమెంటులో 8 గోల్స్ వేసింది. మా కొట్లో ఒక సీజన్‌లో చేతులు మారే డబ్బుతో ఎన్ని జట్లకి కిట్లు కొనొచ్చో నేను లెక్కేశాను, షావుకారు చదివితే బాగోదని రాయట్లేదు. అక్కడ ఊరంతా చూస్తుంది, ఇక్కడ ఇంట్లోవాళ్ళు దాచిపెడతారు, అంతే తేడా. ఇంగ్లండ్ చేతిలో ఓడిన ఆ రోజు రాత్రి టీకొట్టు దగ్గర ఎవర్ని కదిపినా ఐపీఎల్. మర్నాడు పేపర్లో మన అమ్మాయిల మ్యాచ్ కోసం వెతికితే అగ్గిపెట్టంత వార్త.

గ్రౌండ్ గురించి కూడా ఒక మాట. పెద్ద మ్యాచ్‌లన్నీ నీళ్ళు చల్లిన టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి, మీద జరుగుతాయి, బంతి నేలకి అంటుకుని జారుతుంది. మట్టి మీద అది ఎటు ఎగురుతుందో తెలియదు, ఒకసారి మా పిల్లకి మోచేతి మీద తగిలి వారం రోజులు కమిలిపోయింది. మట్టి మీద నేర్చిన చెయ్యి టర్ఫ్ మీదకి వెళ్ళగానే తడబడుతుంది. కాకినాడలో టర్ఫ్ ఉంది, 2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలు అక్కడే జరిగాయి. వేసవి సెలవుల్లో చుట్టాలెవరైనా అటువైపు ఉంటే నాలుగు రోజులు పంపండి, ఒకసారి ఆ నేల మీద పరిగెడితే దానికే అర్థమవుతుంది. అన్నట్టు ఇంటర్‌కి చేర్చేటప్పుడు మొదట గ్రౌండ్ చూడండి, ఫీజు తర్వాత అడగండి. ఫీజు ఎలాగూ వాళ్ళే చెప్తారు.

ఇక కొనడం సంగతి. స్టిక్ కంటే ముందు షిన్ గార్డులు, పళ్ళకి పెట్టుకునే మౌత్ గార్డ్ కొనండి. మౌత్ గార్డ్ వేడినీళ్ళలో ముంచి పళ్ళకి అచ్చు తీసుకునే రకం తీసుకోండి, మామూలుది ఊరికే ఊడి వస్తుంది. స్టిక్ పిల్ల పక్కన నిలబెడితే నడుము ఎముక దాకా వస్తే చాలు. షాపువాడు పెద్దది అంటగడతాడు, ఎదిగే పిల్ల కదండీ అని. తీసుకోకండి, పొడుగు స్టిక్‌తో వంగడం మానేస్తుంది, తర్వాత ఎంత తిట్టినా వంగదు.